పచ్చ ట్రెడిల్

మహబూబ్‌నగర్,
జూన్ 2016.

సాల్మన్ మామకు,

వందనాలు. నేను చేరాను. దేవరకొండ దాకా సీటు దొరకలేదు. ఆ తర్వాత దొరికింది కానీ, పక్కన కూర్చున్నామె దారి పొడవునా తన కోడలి మీద ఫిర్యాదులు చెప్పింది. పాలమూరు వచ్చేసరికి నాకు కూడా ఆ కోడలి మీద కోపం వచ్చింది.

ఫోన్‌లో అయితే ఇదంతా రెండు మాటల్లో అయిపోయేది. నీ చెవులు ప్రెస్సు చప్పుడుకు పోయాయని నువ్వంటావు, జ్వరానికి పోయాయని అత్త అంటుంది. ఎట్లా పోయినా ఉత్తరాలు రాసే పని నా నెత్తిన పడింది. మాట మాటే, రాత రాతే, రాసేటప్పుడు అచ్చులో ఉన్నట్టే రాయాలని చిన్నప్పుడు చెవి మెలిపెట్టి మరీ చెప్పావు కదా. అట్లాగే రాస్తున్నాను. తప్పులు దిద్ది తిరిగి పంపకు, అదొక్కటి నా మనవి.

రాంచందర్ సేటు ప్రెస్సు బస్టాండు వెనక సందులో ఉంది. ముందు గదిలో ఇద్దరు కంప్యూటర్ల మీద పెళ్లి కార్డులు తయారు చేస్తుంటారు. వెనక రేకుల షెడ్డులో ఆఫ్‌సెట్ మిషన్లు. మన మడిగెలాంటి కొట్లు ఆ షెడ్డులో నాలుగు పడతాయి. నీ పేరు చెప్పగానే సేటు కుర్చీలోంచి లేచాడు. “సాల్మన్ మేనకోడలివా? నల్లగొండల మేమిద్దరం ఒక్క డబ్బల తిన్నోళ్లం” అన్నాడు. పెద్ద మిషన్ నడిపే కాటమయ్య మాత్రం నన్ను కింది నుంచి పైకి చూసి “ఆడిపిల్ల మిషిన్ మీద ఏం జేస్తది సేటు” అన్నాడు. సేటు నవ్వి ఊరుకున్నాడు.

నువ్వు దిగులు పెట్టుకోకు. మొదటి రోజు నుంచీ నన్ను మిషన్ దగ్గరే ఉంచారు.

గది కూడా కుదిరింది. సుక్కమ్మ అనే ఆమె ఇంటి వెనక వైపు. నీళ్లు పొద్దున ఒక్కసారే వస్తాయి, మిగతా రోజంతా ఆమె మాటలు వస్తాయి.

మనం అనుకున్నది మరిచిపోకు మామా. ఒక్క ఏడాది. ఆఫ్‌సెట్ పని నేర్చుకుని వస్తాను. నేను రంగు వేసిన పచ్చ ట్రెడిల్, కాలితో తొక్కే ఆ పాత అచ్చు మిషన్ పక్కన చిన్న ఆఫ్‌సెట్ పెడదాం. బోర్డు మీద నీ పేరు కింద నా పేరు రాయిస్తానన్నావు. అమ్మ పోయినప్పటి నుంచి నీ ప్రెస్సులో కాగితం కట్టల మీద పడుకుని పెరిగిన దాన్ని, నాకు ఇంకో పని మీద మనసు పోదు. అత్తకు చెప్పు, మామిడి పచ్చడి సీసా మూత దారిలో ఊడింది కానీ బట్టలు పాడు కాలేదని. ఇది అబద్ధం, నువ్వు మాత్రం అట్లాగే చెప్పు.

నీ
గ్లోరీ

*

హుజూర్‌నగర్, నల్లగొండ జిల్లా,
జూలై 2016.

చిరంజీవి గ్లోరీకి మామ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. తప్పులు దిద్దలేదు, కానీ లెక్క పెట్టుకున్నాను. పచ్చడి సంగతి నువ్వు చెప్పమన్నట్టే మీ అత్తకు చెప్పాను. ఆమె నమ్మలేదు.

చున్నీ నడుముకు బిగించి కట్టుకో. జడ ముడి వేసుకో. చేతికి ఇంకు అంటితే ముందు కిరసనాయిలు, ఆ తర్వాతే సబ్బు. కాటమయ్య లాంటి వాళ్ల మాటలకు జవాబు చెప్పకు, నీ పనే చెప్పాలి. నా చేతి కింద పని నేర్చిన దానివని వాళ్లకు తెలియాలి.

రాంచందర్ గురించి నీకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. నల్లగొండలో మేమిద్దరం ఒకే ప్రెస్సులో పని నేర్చుకున్నాం. అక్కడ దసరాకు ఒక పద్ధతి ఉండేది. మిషన్లన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టి కోడిని కోసేవారు. పూజ అయ్యాక సేటు ఒక్కొక్క మిషన్‌కు ఒక మనిషిని పిలిచి చక్రం తిప్పించేవాడు. ఎవరి చేత తిప్పిస్తే మళ్లీ దసరా దాకా ఆ మిషన్ వాళ్లది. ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. నేను ప్రార్థనకు పోయేవాణ్ని కదా, బొట్టు పెట్టుకోకుండా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. పెద్ద సేటు నన్నే పిలిచాడు. “బొట్టు మిషిన్‌కు పెట్టినం గని నీకు పెట్టలే గదరా. ఇటు రా, తిప్పు” అన్నాడు. ఆ రోజు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. రాంచందర్ నాకంటే ముందు చేరినవాడు, ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. ఇద్దరం కుర్రవాళ్లం, తర్వాత అదంతా మరిచిపోయాం.

రాంచందర్ తన ప్రెస్సులో కూడా ఆ పద్ధతే పెట్టాడు. ఈ దసరాకు నీ చేత చక్రం తిప్పిస్తానని నాకు మాట ఇచ్చాడు. ఒకసారి తిప్పాక నిన్ను ఎవరూ మిషన్ మీద నుంచి దించలేరు.

మన ట్రెడిల్ బాగుంది. రోజూ పొద్దున నూనె పోస్తున్నాను. పని పెద్దగా లేదు. ఫ్లెక్సీ కొట్టు ఇంకొకటి వచ్చింది. పుట్టినరోజుకు, చావుకు, ఎవరికి ఏం కావాలన్నా అక్కడికే పోతున్నారు.

మీ మామ
సాల్మన్

*

మహబూబ్‌నగర్,
ఆగస్టు 2016.

సాల్మన్ మామకు,

వందనాలు. శ్రావణం వచ్చింది, పెళ్లి కార్డులకు ఊపిరి ఆడటం లేదు. రోజంతా పసుపు వాసన, జిగురు వాసన. ఒకాయన తన కూతురి పెళ్లి కార్డులో ఎవరి పేరు ఎవరి పైన ఉండాలో తేల్చుకోలేక మూడుసార్లు వచ్చాడు. చివరికి తమ్ముళ్లిద్దరి పేర్లూ ఒకే వరుసలో వేయించాడు. ఇప్పుడు వాళ్లు ఎవరు ఎడమ పక్కన ఉండాలని కొట్టుకుంటున్నారట. నాకు నవ్వొచ్చి మొహం పక్కకు తిప్పుకున్నాను.

పని బాగుంది. చేతులు కూడా అలవాటు పడ్డాయి.

ఒక సంగతి. ఈ మధ్య డీసీఎం వ్యానులో పాత ట్రెడిల్ ఒకటి వచ్చింది. బిల్లు పుస్తకాలకు నంబర్లు వేయడానికి, కార్డులకు మడత గీతలు కొట్టడానికి తెప్పించారట. ఆకుపచ్చ రంగుది. ఎక్కడిదని అడిగితే సేటు “సూర్యాపేట దిక్కు దొరికింది” అన్నాడు.

మన మిషన్ ఎట్లా ఉంది మామా? క్రిస్మస్‌కు వచ్చినప్పుడు దానికి మళ్లీ రంగు వేయాలనుకుంటున్నాను. వెనక కాలు నల్లగా మిగిలిపోయింది కదా, ఈసారి అది కూడా పూర్తి చేస్తాను. నీకు ఏ రంగు ఇష్టమో రాయి.

నీ
గ్లోరీ

*

హుజూర్‌నగర్,
ఆగస్టు 2016.

చిరంజీవి గ్లోరీకి దీవెనలు.

మేము బాగున్నాం. మీ అత్త మోకాలికి దవాఖానలో మందు రాశారు, వేసుకోవడం లేదు. సాగర్ కాలువకు నీళ్లు వస్తాయని కొందరు, రావని కొందరు అంటున్నారు.

మన మిషన్‌కు ఏం బాధ లేదు. నూనె పోస్తున్నాను. రంగు సంగతి తర్వాత చూద్దాం, తొందరేముంది.

నువ్వు రాసిన ఆ ట్రెడిల్‌ను ఎవరు నడుపుతున్నారు? నీకు ట్రెడిల్ పని పుట్టుకతో వచ్చినట్టే కదా, నీకే ఇచ్చి ఉంటారనుకుంటాను. ఇచ్చారా లేదా, ఆ ఒక్క ముక్క వెంటనే రాయి. ఇంకేం రాయకపోయినా ఫరవాలేదు. దాని చక్రం కుడి వైపుకు కొంచెం లాగుతుంది, పాత ట్రెడిళ్లన్నీ అంతే. కాలు జాగ్రత్త.

మీ మామ
సాల్మన్

*

మహబూబ్‌నగర్,
సెప్టెంబరు 2016.
(రాసి దాచింది, పంపనిది)

మామా,

దాని చక్రం కుడి వైపుకు లాగుతుందని నీకెట్లా తెలుసు?

అది మన మిషన్. డీసీఎం మీద పట్టా తీయగానే గుర్తుపట్టాను. పదో తరగతి సెలవుల్లో నేను వేసిన రంగు, డబ్బా అయిపోయి నల్లగా మిగిలిన వెనక కాలు. చక్రంలో విరిగిన ఇనుప పుల్లను ట్రాక్టరు మెకానిక్ పెద్దులు అతికిన చోట ఉబ్బు అట్లాగే ఉంది. నేను దాని మీద చెయ్యి పెట్టాను. కాటమయ్య వచ్చి “ముట్టకు, పట్టుకుంటే వేళ్లు పోతయి” అన్నాడు. ఆ మిషన్ కింద పాకుతూ పెరిగిన దాన్ని నేను.

మడిగె కిరాయి కట్టలేక అమ్ముకున్నావు. నాకు చెప్పడానికి సిగ్గుపడ్డావు. నూనె పోస్తున్నానని నువ్వు రాసిన మాటను మళ్లీ మళ్లీ చదువుతున్నాను. ఖాళీ మడిగెలో కూర్చుని అది రాస్తున్నావు కదా.

ఇక నా సంగతి కూడా చెప్తాను. మిషన్ దగ్గరే ఉంచారని రాశాను. మిషన్ పక్కన నేల మీద గోనెపట్టా వేసి కూర్చోబెట్టారు. అక్కడ కూర్చుని పెళ్లి కార్డులు మడుస్తున్నాను, జరీ తాళ్లు కడుతున్నాను, కవర్లలో పెడుతున్నాను. మధ్యలో చాయ్ తెమ్మంటే తెస్తున్నాను. చేరినప్పటి నుంచి ఇదే పని. చేతులు అలవాటు పడ్డాయని రాసింది జిగురుకు. ఇంకు ఇప్పటిదాకా ఒక్క వేలికి అంటలేదు. సేటును అడిగితే “జర ఓపిక పట్టు, దసరాకు జూద్దాం” అంటాడు. కాటమయ్యను అడిగితే “చున్నీ చక్రంల పడితే పోలీస్ స్టేషన్ చుట్టు నేను తిరగాల్నా” అంటాడు.

నీకు మిషన్ లేదు. నేను మిషన్ మీద ఉన్నానన్న మాట ఒక్కటే నీకు మిగిలింది. అది కూడా తీసేసి నిన్ను ఎట్లా పడుకోమంటాను. ఈ ఉత్తరం పంపను.

గ్లోరీ

*

మహబూబ్‌నగర్,
సెప్టెంబరు 2016.

సాల్మన్ మామకు,

వందనాలు. నువ్వు అడిగిన ముక్క ముందు రాస్తున్నాను. అవును, ఆ ట్రెడిల్ నాకే ఇచ్చారు. రోజూ నేనే నడుపుతున్నాను. నువ్వు చెప్పినట్టే కుడి వైపుకు లాగుతుంది, కాలు జాగ్రత్తగానే పెడుతున్నాను.

మన మిషన్‌కు నూనె పోయడం మానకు.

నీ
గ్లోరీ

*

మహబూబ్‌నగర్,
అక్టోబరు 2016.

సాల్మన్ మామకు,

వందనాలు. దసరా అయింది. నీకు ఇచ్చిన మాట సేటు నిలబెట్టుకున్నాడు. పూజ కాగానే పిలిచాడు, పచ్చ ట్రెడిల్ చక్రం నా చేతనే తిప్పించాడు. కాటమయ్య కూడా ఏం అనలేదు. ఆ పూట నువ్వు ఇక్కడ ఉంటే బాగుండేదనిపించింది.

కొత్త జిల్లాల పని విపరీతంగా ఉంది. ఇంతకంటే రాయడానికి తీరిక లేదు.

నీ
గ్లోరీ

*

హుజూర్‌నగర్, సూర్యాపేట జిల్లా,
అక్టోబరు 2016.

నా తల్లి గ్లోరీకి,

మన ఊరు సూర్యాపేట జిల్లాలోకి మారింది. మొదటిసారి రాస్తుంటే చెయ్యి ఆగింది. ఇన్నేళ్లుగా నల్లగొండ జిల్లా అని ఎన్ని వేల బిల్లు పుస్తకాలు వేశానో.

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను. నా మాట నాకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా చదివానో తెలియదు, పక్కింటి వాళ్లు గొడవ అనుకుని వచ్చారు. వాళ్లకు కూడా చదివి వినిపించాను.

ఇప్పుడు నీకు అసలు సంగతి చెప్పవచ్చు. నువ్వు తిప్పిన చక్రం మనది. నువ్వు ఎప్పుడో గుర్తుపట్టి ఉంటావు. గుర్తుపట్టి కూడా అడగలేదంటే నా మనసు తెలిసే ఊరుకున్నావనుకున్నాను. నేను దాన్ని అమ్మలేదు బిడ్డా. నీ కోసం ఎంతమందిని అడిగానో నీకు తెలియదు. సూర్యాపేటలో, మిర్యాలగూడలో, ఖమ్మంలో అడిగాను. ఆడపిల్లను కంప్యూటర్ మీదైతే కూర్చోబెడతాం, మిషన్ మీద పెట్టుకోం అని అందరూ ఒకటే మాట. రాంచందర్ ఒక్కడే ఒప్పుకున్నాడు. నా ట్రెడిల్ ఇస్తే నిన్ను తీసుకుంటానన్నాడు. నేను ఒక షరతు పెట్టాను. దసరా దాకా మిషన్ నాదే, ఊరికే అక్కడ ఉంటుంది. దసరా నాడు చక్రం నీ చేత తిప్పిస్తే అప్పుడు అది అతనిది. తిప్పించకపోతే నేను డీసీఎం కట్టుకుని వచ్చి మిషన్‌నూ నిన్నూ తెచ్చుకుంటాను.

ముందే చెబితే నువ్వు పోయేదానివి కాదు. మడిగెలో నాతో కూర్చుని ఎండిపోయేదానివి. నా మిషన్ ఉన్నచోట నా బిడ్డకు పరాయితనం ఉండదని కూడా ఒక ఆశ. నూనె సంగతి క్షమించు. ఆ వేళకు నూనె డబ్బా పట్టుకోవడం అలవాటై, పొద్దున ఇంకా చెయ్యి దానికోసం వెతుకుతుంది.

నీ ఉత్తరం అందిన రోజే రాంచందర్‌కు కార్డు రాసి వేశాను. మాట నిలబెట్టుకున్నావు, ఇక మిషన్ నీది అని.

ఇంకో తమాషా విను. జిల్లా మారేసరికి ఊళ్లో ప్రతి దుకాణానికీ కొత్త బిల్లు పుస్తకాలు కావలసి వచ్చాయి. ఎరువుల కొట్టు, మిల్లులు, చిట్టీల వాళ్లు, అందరూ నా మడిగె ముందుకే వచ్చారు. ఇంత పని ఒక్కసారి నా జన్మలో రాలేదు. అందరినీ తిప్పి పంపాను. బాధపడలేదు. నా మిషన్ నా మేనకోడలి చేతిలో నడుస్తోందని అందరికీ చెప్పాను.

మీ మామ
సాల్మన్

*

మహబూబ్‌నగర్,
నవంబరు 2016.

మామా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి భయపడ్డాను. దీనితో పాటు సెప్టెంబరులో రాసి పంపని ఉత్తరం కూడా పెడుతున్నాను. ముందు అది చదువు. చదివి కోపం దిగాక ఇది చదువు. దిగకపోతే కోపంతోనే చదువు.

దసరా నాడు నేను చక్రం తిప్పలేదు. ఆ రోజు పొద్దున్నే పోయి మిషన్లన్నీ నేనే కడిగాను. మనదాన్ని కిరసనాయిలుతో తుడిచాను, చక్రంలో పుల్ల పుల్లనూ తుడిచాను. కోడిని తెచ్చారు, సేటు కొడుకు మల్లికార్జున్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఆయన ఇంజినీరు, ప్రెస్సులోకి వస్తే ముక్కుకు రుమాలు పెట్టుకుంటాడు. పూజ మొదలవుతుండగా సేటు నన్ను పిలిచాడు. చక్రానికే అనుకుని చేతులు తుడుచుకుని పోయాను. “మీరు ఏసు దిక్కోళ్లు గద, నీకు గీ పూజతోటి ఏం పని. మార్కెట్‌కు పోయి ఇస్తార్లు పట్కరా, మధ్యాహ్నం బువ్వలకు తక్కువైతయి” అన్నాడు. మా మామకు మాట ఇచ్చారట కదా అని అడిగాను. “వచ్చినంక జూద్దాం తియ్యి” అన్నాడు. పండుగ పూట విస్తర్లు ఎక్కడా దొరకలేదు. రెండు బజార్లు తిరిగి తెచ్చేసరికి మన ట్రెడిల్ చక్రం మల్లికార్జున్ తిప్పేశాడు. ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో సెల్ఫీ తీసుకున్నాడట, కాటమయ్య చెప్పాడు. చక్రం మీద రక్తం, కుంకుమ ఉన్నాయి. అవి కూడా సాయంత్రం నేనే కడిగాను.

ఆ రాత్రి నీకు అబద్ధం రాశాను. నీ స్నేహితుడు మాట తప్పాడని తెలిస్తే నువ్వు తట్టుకోలేవని అనుకున్నాను. ఆ మాట మీద మన మిషన్ వేలాడుతోందని నాకేం తెలుసు?

నీ ఉత్తరం పట్టుకుని సేటు దగ్గరికి పోయాను. మాట తప్పారు, మిషన్ మాది, తిరిగి ఇవ్వండి అన్నాను. ఆయనకు కోపం కూడా రాలేదు. గల్లాపెట్టెలోంచి నీ కార్డు తీసి నా ముందు పెట్టాడు. “మీ మామనే రాసిండు గద, ఇగ నీదే అని. ఆయనకు ఎవరు జెప్పిండ్రు నువ్వు తిప్పినవని? నేను జెప్పిన్నా? నువ్వే రాస్తివి. ఇగ నన్నేం అడుగుతవు” అన్నాడు. కార్డు మళ్లీ గల్లాపెట్టెలో పెట్టేస్తూ అన్నాడు, “నల్లగొండల గా చక్రం నేను తిప్పాల్సింది. మీ మామ తిప్పిండు. నేనేం అన్నన్నా అప్పుడు?”

మరిచిపోయామని రాశావు కదా మామా. ఆయన మరిచిపోలేదు.

నా కోపం ఆయన మీద కంటే నీ మీదే ఎక్కువ ఉంది. నన్ను అడగకుండా నా కోసం మిషన్ ఎందుకిచ్చావు? నాకు పని రాదనా? నాకు ఉద్యోగం వచ్చిందని నేను ఊరంతా చెప్పుకున్నాను, అది వచ్చింది కాదు, నువ్వు కొన్నది. కొన్నది కూడా నేల మీద గోనెపట్టా. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మిషన్‌ను అక్కడే ఉంచుకుని, జిల్లా మారిన నెలలో ఇద్దరం కలిసి ఊరంతటికీ బిల్లు పుస్తకాలు వేసేవాళ్లం.

గ్లోరీ

*

హుజూర్‌నగర్,
డిసెంబరు 2016.

గ్లోరీ,

ఇయ్యాల అచ్చు భాష చేతికి వస్తలేదు. నోటికి వచ్చినట్టే రాస్తున్న.

నువ్వు నా మీద కోపం జేస్తున్నవా? నిజం రాయి అని నేను అడుగలేదా? ఇంకేం రాయకున్న మంచిదే, గా ఒక్క ముక్క రాయి అని అడుగలేదా? లేదు మామా, నన్ను కింద కూసోబెట్టిండ్రు అని ఒక్క మాట రాస్తే దసరాకు ముందే నేను వచ్చేటోన్ని. మిషిన్ నాది, బిడ్డ నాది, ఇద్దరిని ఎక్కించుకొని వచ్చేటోన్ని. నేను ముసలోన్ని గని చచ్చిపోలే. నేను తట్టుకోను అని నువ్వెట్ల అనుకున్నవ్? చెవులే పోయినయి నాకు.

నాకు పనోళ్లు చెప్పింది వినబడదు, రాంచందర్ చెప్పింది వినబడదు. నువ్వు రాసిందే నాకు వినబడేది. గది కూడ అబద్ధమైతే నేను దేన్ని నమ్మాలె?

నేను గూడ రాసిన, నూనె పోస్తున్న అని. మీ అత్త గప్పుడే అన్నది, లేని మిషిన్‌కు నూనె పోసుడేంది, పిల్లకు చెప్పరాదు అని. వినలే. నా తప్పు నాకున్నది. నీకు పని రాదని మిషిన్ ఇయ్యలే. నీకు పని వచ్చు అని ఎవ్వడు నమ్మకపాయె, అందుకు ఇచ్చిన.

మడిగె ఇడిసిపెట్టిన. అండ్ల మొబైల్ దుకాణం పెడుతున్నరు. బోర్డు దింపేటప్పుడు నేను పోలే.

క్రిస్మస్ అయినంక డీసీఎం మాట్లాడుకొని వస్త. కార్డు రాసింది నేనే, అయినా వస్త. అందరి ముందట రాంచందర్‌ను అడుగుత. మిషిన్ తెచ్చి ఇంట్ల పెడుత, మీ అత్త మంచం బయటికి జరుపుత. నువ్వు బట్టలు సదురుకొని ఉండు.

సాల్మన్

*

నల్లగొండ,
జనవరి 2017.

మామా,

రావద్దు. మిషన్ లేదు.

నోట్ల రద్దు కష్టంతో పెళ్లిళ్లు చిన్నవయ్యాయి, కార్డుల పని పడిపోయింది. షెడ్డులో జాగా కావాలని సేటు దాన్ని పాత ఇనుము వాళ్లకు ఇచ్చేశాడు. మోయలేక అక్కడే సుత్తెలతో పగలగొట్టారు. నేను పక్కనే కార్డులు మడుస్తూ ఉన్నాను. లేచి అడ్డం పోలేదు. పెద్దులు అతికిన పుల్లను నాకు ఇవ్వమని అడిగాను. తూకంలో పోయిందన్నారు.

ఆ సాయంత్రమే మానేశాను. ఇక్కడ నల్లగొండలో ఫ్లెక్సీల కొట్టులో పనికి కుదిరాను. ఎవరి సిఫారసూ లేదు, పోయి అడిగాను, రమ్మన్నారు. ఈ మిషన్‌ను నేనే నడుపుతున్నాను. దీనికి చక్రం లేదు, బటన్ ఉంది. దాన్ని ఎవరు నొక్కినా ఎవరికీ పట్టదు.

నిన్న వేసిన ఫ్లెక్సీల్లో రాంచందర్ సేటుది ఒకటి, పాలమూరు వ్యాపార సంఘానికి అధ్యక్షుడయ్యాడని ఇక్కడి పాత ప్రెస్సు వాళ్లు అభినందనలు వేయించారు. పొరపాటు లేకుండా వేసి ఇచ్చాను.

నీ మీద కోపం పోలేదు. నీకూ పోయి ఉండదు. క్రిస్మస్‌కు రాలేకపోయాను, ఈస్టర్‌కు వస్తాను, అత్త మంచం జరపనక్కర్లేదు.

ఈ ఉత్తరంలో అబద్ధం ఒక్కటి లేదు. అందుకే ఇంత పొట్టిగా ఉంది.

గ్లోరీ